మారుతి ఎస్టీమ్ రేసు కారుకి జంట వెబర్ కార్బురేటర్లా, ఇంజెక్షనా? ఆటోనగర్‌లో రెండూ బిగించి చూశాక

తీర్పు ముందే చెప్పేస్తాను. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, సెలవు చూసుకుని సొంత డబ్బుతో రేసు చేసేవాళ్లు ఇవాళ కొత్తగా కారు కడుతుంటే ఇంజెక్షనే పెట్టించుకోండి. సిలిండరుకో త్రాటిల్ బాడీ (లోపలికి పోయే గాలిని అదుపు చేసే తలుపు), దిగుమతి మానిఫోల్డు (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) లాంటివి మొదట్లోనే వద్దు. కంపెనీ ఇచ్చిన ఎంపీఎఫ్ఐ (సిలిండరుకో ఇంజెక్టరు ఉండే పద్ధతి) మానిఫోల్డునీ ఇంజెక్టర్లనీ అలాగే ఉంచి, మనం ప్రోగ్రాం చేసుకోగలిగే ఈసీయూ, అంటే ఇంజనుని నడిపే కంప్యూటరు ఒకటీ, ఎగ్జాస్టు చూసి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ మీటరు ఒకటీ కొనండి. రెంటికీ ఒకేసారి డబ్బు సర్దుబాటు కాకపోతే మీటరు ముందు కొనండి, ఈసీయూ తర్వాత చూసుకోవచ్చు. ఇప్పటికే కార్బురేటర్ కారు ఉన్నవాళ్లు కూడా ఆ మీటరు కొనాల్సిందే. ఎందుకో చెప్పడానికే ఈ రివ్యూ.

మాది విజయవాడ ఆటోనగర్. నాన్న లారీల డీజిల్ పంపులూ నాజిల్సూ రిపేరు చేసేవారు. ఆ క్యాలిబ్రేషన్ బెంచీ పక్కనే పెరిగాను, ఇప్పుడు షాపు నేను నడుపుతున్నాను. రేసు కారు ఎస్టీమ్, 1298 సీసీ, 16 వాల్వుల ఇంజను. సీట్లు, కార్పెట్లు, ఏసీ అన్నీ తీయించి లోపల రోల్ కేజీ వేయించాను. రోడ్డు మీద నడిపే బండి కాదిది. ట్రక్కు మీదెక్కి ఒంగోలు, నెల్లూరు మీదుగా చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకో పోతుంది. ఇదే ఇంజను మీద మొదట రెండు 40 డీసీఓఈ వెబర్ కార్బురేటర్లు నడిపాను, ఆ తర్వాత ఇంజెక్షన్‌కి మారాను. క్యామ్‌షాఫ్ట్ అదే, ఎగ్జాస్టు అదే, గేరుబాక్సు అదే. అందుకే రెంటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడగలుగుతున్నాను.

వెబర్‌ల గురించి ముందు మంచి మాట. డీసీఓఈ అంటే పక్కవాటుగా కూర్చునే జంట గొట్టాల కార్బురేటర్. రెండు బిగిస్తే నాలుగు సిలిండర్లకి నాలుగు గొట్టాలు, గాలిని అదుపు చేసే తిరుగుడు రేకులు (బటర్‌ఫ్లైలు) నాలుగు. ఒక్కో సిలిండరుకి దాని గాలి దానిదే. యాక్సిలరేటర్ మీద కాలు పడగానే ఇంజను లేచే తీరు చూసి చాలామంది 'కార్బురేటర్‌కున్న పికప్ ఇంజెక్షన్‌కి ఎక్కడిది' అంటారు. అనుభవం నిజమే, కారణం మాత్రం వేరు. ఆ పికప్, బటర్‌ఫ్లై అనేది సిలిండరు వాల్వుకి దగ్గరగా ఉండటం వల్ల వస్తుంది, పెట్రోలు జెట్టులోంచి రావడం వల్ల కాదు. కంపెనీ ఎంపీఎఫ్ఐలో ఒకే బటర్‌ఫ్లై ఉంటుంది, దాని వెనకున్న డబ్బా అంతా గాలితో నిండాకే సిలిండర్లకి అందుతుంది. సిలిండరుకో త్రాటిల్ బాడీ పెట్టి ఇంజెక్షన్ చేయిస్తే వెబర్ పికప్ అలాగే వస్తుంది. కాబట్టి పికప్ ఒక్కటే చూసి కార్బురేటర్ కొనకండి.

ఇంకో మంచి గుణం, వెబర్‌ని కళ్లతో చూసి, చేత్తో విప్పి నేర్చుకోవచ్చు. గాలి వెంచురీ ఇరుకులోంచి పోయేటప్పుడు వేగం పెరిగి పీడనం తగ్గుతుంది, ఆ తేడాకే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు పైకి వస్తుంది. ఐడ్లింగుకి ఒక జెట్టు, పరుగుకి మెయిన్ జెట్టు, పై ఆర్‌పీఎంలో మిశ్రమం మరీ చిక్కబడకుండా (పెట్రోలు పాలు ఎక్కువ కాకుండా) ఎయిర్ కరెక్టర్, మధ్యలో పెట్రోల్లో గాలి కలిపే ఎమల్షన్ ట్యూబు, కాలు ఒక్కసారిగా తొక్కినప్పుడు పిచికారీ కొట్టే యాక్సిలరేటర్ పంపు. పై మూత తీస్తే జెట్లు చేతికందుతాయి. జెట్టు మీద అంకె దాని రంధ్రం కొలతే: 120 అంటే 1.20 మిల్లీమీటర్లు. పాత ట్యూనర్ల లెక్కొకటుంది: చోక్ (ఇక్కడ చోక్ అంటే వెంచురీ ఇరుకు) సైజుని మిల్లీమీటర్లలో నాలుగుతో గుణిస్తే మెయిన్ జెట్టు, దానికి 50 కలిపితే ఎయిర్ కరెక్టర్. నా దాంట్లో 30 చోక్‌లు. అంటే 120 మెయిన్, 170 ఎయిర్. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్క. అక్కణ్ణించి ముందుకెళ్లాలంటే మీటరు కావాలి.

ఇక్కడే నా అసలు వాదన మొదలవుతుంది. ఆ లెక్క కట్టిన రోజుల్లో బంకులో దొరికింది పచ్చి పెట్రోలు. ఇప్పుడు మనకి దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. రెండూ కలిసిన ఈ20కి లెక్క దాదాపు 13.5 దగ్గర పడుతుంది. అంటే అదే గాలికి పచ్చి పెట్రోలు కన్నా సుమారు 9 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. కార్బురేటర్‌కి ఈ సంగతి తెలిసే దారి లేదు. దాని రంధ్రం ఎంతో అంతే పోస్తుంది. 120 జెట్టు తీసి 125 వేస్తే రంధ్రం వైశాల్యం 8.5 శాతం పెరుగుతుంది కాబట్టి ఇంచుమించు సరిపోతుంది. కానీ మెయిన్ జెట్టు ఒక్కటి మారిస్తే పని అయిపోదు. ఐడిల్ జెట్టు, పంపు జెట్టు కూడా అదే లెక్కలో పెంచాలి. లేకపోతే కారు నేరుగా లాగుతుంది గానీ, మలుపులోంచి బయటికొస్తూ కాలు మెల్లగా వత్తే చోట మిస్ కొడుతుంది. రేసులో సమయం పోయేది సరిగ్గా ఆ చోటే.

దీనికి మన ఎండ తోడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లో బానెట్ కింద కార్బురేటర్ పరిస్థితి ఊహించుకోండి. గాలి వేడెక్కితే పలచబడుతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున 18 డిగ్రీలుండే గాలితో పోలిస్తే మే మధ్యాహ్నం 44 డిగ్రీల గాలి 8 శాతం పలచన. కార్బురేటర్ ఈ తేడాని సగమే పట్టుకుంటుంది. గాలి 8 శాతం తగ్గితే పెట్రోలు 4 శాతమే తగ్గిస్తుంది, మిగతా 4 శాతం మిశ్రమం చిక్కబడుతుంది. కోయంబత్తూరు సముద్రమట్టానికి 400 మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ ఇంకో రెండు శాతం చిక్కబడుతుంది. జనవరిలో ఇక్కడ పొద్దున్నే కుదిర్చిన జెట్టు మేలో ఇక్కడే కుదరదు, అక్కడ అసలే కుదరదు. ప్రతి ప్రాక్టీసుకీ జెట్ల పెట్టె తెరవాల్సిందే. ఆ పని మీద ప్రేమ ఉన్నవాళ్లకి అది పండగే, నాకూ ఆ ప్రేమ ఉండేది. కానీ ట్రాక్ టైము డబ్బు పెట్టి కొనుక్కునేది. ఇరవై నిమిషాల సెషన్‌లో సగం పిట్‌లో జెట్లు మారుస్తూ గడిస్తే డ్రైవింగు నేర్చుకునేదెప్పుడు?

వేడి వల్ల ఇంకో బాధ. ట్రాక్ మీంచి వచ్చి ఇంజను ఆపాక, ఫ్యాను తిరగక ఇంజను వేడి అంతా పైకి తన్ని గిన్నెలోని పెట్రోలు ఉడకడం మొదలెడుతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే ముక్కుకి పెట్రోలు వాసన, ఇంజను ఫ్లడ్డు. కార్బురేటర్‌కీ మానిఫోల్డుకీ మధ్య మందపాటి బేక్‌లైట్ పలక, కింద వేడి ఆపే అల్యూమినియం రేకు పెట్టిస్తే చాలావరకు తగ్గుతుంది. కార్బురేటర్‌తోనే సాగేవాళ్లు ఈ రెండూ తప్పక చేయించండి. ఫ్యూయల్ పంపు కూడా చూసి పెట్టుకోవాలి. వెబర్‌కి 3 పీఎస్ఐ చుట్టుపక్కల చాలు. ఇంజెక్షన్ పంపుని రెగ్యులేటరు లేకుండా దానికి కలిపితే నీడిల్ వాల్వు ఆపలేదు, గిన్నె పొంగి వేడి ఎగ్జాస్టు మీద పెట్రోలు పడుతుంది. ఇది నిప్పుతో వ్యవహారం, ఇందులో సర్దుకుపోవడాలు వద్దు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి రేసు అయ్యాక గిన్నెలు ఖాళీ చేసి పెట్టాలి. లేదంటే నెల తర్వాత విప్పేసరికి లోపల తెల్లటి పొడి, జెట్టు మూసుకుపోయి ఉంటుంది. పాత రబ్బరు పైపులు కూడా మార్చి, ఇథనాల్‌ని తట్టుకునేవి వేయించండి.

ఇప్పుడు ఇంజెక్షన్. నేను పుట్టి పెరిగిందే నాజిల్స్ మధ్య కాబట్టి నాకిది కొత్త సంగతి కాదు. లారీ ఇన్‌లైన్ పంపు నాజిల్ 200 బార్ దగ్గర తెరుచుకుంటుంది. పెట్రోలు ఇంజెక్టర్‌కి ముచ్చటగా 3 బార్. 1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌లో పెట్రోలుని నేరుగా సిలిండర్లోకి కొట్టిన బాష్ పంపు కూడా డీజిల్ పంపు పద్ధతిలో చేసిందే. అంటే రేసులో ఇంజెక్షన్ కంప్యూటరుతో పుట్టింది కాదు. కంప్యూటరు వచ్చి చేసిందల్లా ఎంత పోయాలన్న నిర్ణయాన్ని ఇనుప ముక్కల నుంచి అంకెల పట్టికకి మార్చడం.

ఆ పట్టికే మనం ట్యూనింగ్ అనేది. అడ్డంగా ఆర్‌పీఎం, నిలువుగా మానిఫోల్డు పీడనం, ఒక్కో గడిలో ఒక్కో అంకె. 16 అడ్డం, 16 నిలువు పట్టికలో 256 గళ్లు ఉంటాయి. 4,500 ఆర్‌పీఎంలో సగం త్రాటిల్ దగ్గర మిస్ ఉంటే ఆ గడి ఒక్కటే సరిచేస్తాం, మిగతావి కదలవు. వెబర్‌లో ఎమల్షన్ ట్యూబు మారిస్తే ఒక చోట బాగుపడింది ఇంకోచోట చెడుతుంది. గాలి వేడి, పీడనం సెన్సర్లు చెబుతాయి కాబట్టి మే నెలయినా కోయంబత్తూరు అయినా ఈసీయూ తనంతట తనే లెక్క మార్చుకుంటుంది. ఈ20 కోసం మొత్తం పట్టికని ఒకే గుణకంతో పెంచొచ్చు. ట్యాంకులో ఏ పెట్రోలున్నా మీటరు చూసి ఐదు నిమిషాల్లో సరిచేసుకోవచ్చు.

నేను కొన్నది మెగాస్క్వర్ట్ రకం ఈసీయూ. హాల్‌టెక్, లింక్ లాంటి పేరున్నవి ఇంకా నునుపుగా పనిచేస్తాయి గానీ, దిగుమతి సుంకంతో కలిపి ఈసీయూ ఒక్కటే లక్ష దాటే అవకాశం ఉంది. స్పీడుయినో అని ఆర్డుయినో అనే చిన్న కంప్యూటరు బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్సు ఈసీయూ ఉంది, అది అన్నిటికన్నా చవక. మంచి సోల్డరింగ్ చేయగలవాళ్లకే దాన్ని సూచిస్తాను. మెగాస్క్వర్ట్ మీద నా అభిప్రాయం: పుస్తకం చదివే ఓపిక ఉంటే డబ్బుకి తగ్గ వస్తువు. ఓపిక లేకపోతే దాని జోలికి పోకండి, ట్యూనర్‌తో సహా దొరికే ఈసీయూ కొనండి.

నాకు అన్నిటికన్నా లాభం కనిపించింది పెట్రోల్లో కాదు, స్పార్కులో. వెబర్‌లు నడిపినప్పుడు స్పార్కు టైమింగు డిస్ట్రిబ్యూటరు లోపలి బరువులూ స్ప్రింగులూ ఎలా లాగితే అలా ఉండేది. ఇప్పుడు క్రాంక్ పుల్లీ మీద 36 పళ్లలో ఒకటి తీసేసిన చక్రం, దాని పక్కన సెన్సరు. పంటికీ పంటికీ 10 డిగ్రీలు, లేని పన్ను వచ్చినప్పుడల్లా ఇంజను ఎక్కడుందో ఈసీయూకి తెలుస్తుంది. ఈ20కి నాక్‌ని (మిశ్రమం తనంతట తానే పేలడాన్ని) తట్టుకునే శక్తి కాస్త ఎక్కువ కాబట్టి మధ్య ఆర్‌పీఎంలో టైమింగు కొంచెం ముందుకి జరపగలిగాను. మలుపు దాటాక లాగుడు మారిందంటే ప్రధానంగా దీనివల్లే. పూర్తి త్రాటిల్‌లో, పై ఆర్‌పీఎంలో మాత్రం బాగా కుదిరిన వెబర్‌కీ దీనికీ పెద్ద తేడా నాకు కనిపించలేదు. అమెరికాలో నాస్కార్ కప్ కార్లు 2011 దాకా కార్బురేటర్‌తోనే పరిగెత్తాయి, 2012లో గానీ ఇంజెక్షన్‌కి మారలేదు. గుర్రపుశక్తి కోసమే మారదామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంజెక్టర్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది మా బెంచీ పని. 7,000 ఆర్‌పీఎంలో ఒక పూర్తి చక్రానికి (క్రాంకు రెండు చుట్లకి) దొరికే సమయం 17 మిల్లీసెకన్లు. ఇంజెక్టర్‌ని అందులో 80 శాతం కన్నా ఎక్కువ తెరిచి ఉంచకూడదు, అంటే 13, 14 మిల్లీసెకన్లు. 100 గుర్రాల నాలుగు సిలిండర్ల ఇంజనుకి ఆ లెక్కన ఒక్కో ఇంజెక్టరు నిమిషానికి 165 సీసీ చుట్టుపక్కల పోయగలగాలి, ఈ20కి ఇంకొంచెం ఎక్కువ. నావి నాలుగూ విప్పి 3 బార్ మీద గాజు గొట్టాల్లోకి పోయించి చూశాను. పంపుకి లైను లైనుకీ డెలివరీ సమానంగా ఉందా లేదా అని నాన్న చూసినట్టే. ఒకటి మిగతా మూడింటికన్నా తక్కువ పోసింది. క్లీనింగ్ చేయించాక సమానమైంది. ఈ పరీక్ష లేకుండా ఎంత ట్యూనింగు చేసినా ఆక్సిజన్ మీటరు నాలుగు సిలిండర్ల సగటే చూపిస్తుంది, పెట్రోలు చాలక ఎండిపోతున్న ఆ ఒక్క సిలిండరు పిస్టను కరిగేదాకా బయటపడదు. పాత కారు ఇంజెక్టర్లు కొనేవాళ్లు దయచేసి ఈ పని మానొద్దు.

ఇంజెక్షన్‌తో ప్రమాదం ఎక్కడుందో కూడా చెప్పాలి. కార్బురేటర్ గిన్నెలో కాస్త పెట్రోలు నిలవ ఉంటుంది. పొడుగాటి కుడి మలుపులో ట్యాంకు పెట్రోలంతా ఎడమకి ఒరిగిపోయి పంపు ఒక్క క్షణం గాలి పీల్చినా గిన్నె కాపాడుతుంది. ఇంజెక్షన్‌లో ఆ క్షణమే రైలు (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం) పీడనం పడిపోతుంది, అదీ పూర్తి లోడు మీద. ఇంజను పోయేది అప్పుడే. అందుకని సర్జ్ ట్యాంకు తప్పనిసరి. మామూలు పంపు పెద్ద ట్యాంకులోంచి లీటరున్నర చిన్న ట్యాంకుని ఎప్పుడూ నిండుగా ఉంచుతుంది, హై ప్రెషర్ పంపు ఆ చిన్నదాంట్లోంచి లాగుతుంది, రైలు నుంచి తిరిగొచ్చేది చిన్నదాంట్లోకే, పొంగింది పెద్దదాంట్లోకి. ఇది లేకుండా ట్రాక్‌కి వెళ్లొద్దు. ఈ ఒక్క ఖర్చు వల్లే కొందరు కార్బురేటర్‌తో ఆగిపోతారు. వాళ్లని తప్పుపట్టను.

మన ఊరికి సంబంధించి ఒక జాగ్రత్త. గాలి వేడి చెప్పే సెన్సర్‌ని మానిఫోల్డు మీద పెట్టొద్దు. గ్రిడ్ మీద నిలబడ్డప్పుడు మానిఫోల్డు కాలిపోతుంటుంది, సెన్సరు ఆ వేడిని గాలి వేడి అనుకుంటుంది, గాలి పలచగా ఉందని ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది. జెండా ఊపగానే ఇంజను ఎండిపోయి తడబడుతుంది. త్రాటిల్ కన్నా ముందు, ఎయిర్ ఫిల్టరు పైపులో పెట్టించండి. బ్యాటరీ కూడా బాగుండాలి. ఓల్టేజి తగ్గితే ఇంజెక్టరు తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, అంతమేరకి పెట్రోలు తగ్గుతుంది.

మీటరు గురించి అంతగా ఎందుకన్నానో ఇప్పుడు చెప్తాను. వైడ్‌బ్యాండ్ అంటే నాది బాష్ ఎల్ఎస్‌యూ 4.9 సెన్సరు, నాలుగు ఎగ్జాస్టు పైపులు కలిసే చోట బిగించింది. దాని తెర మీద 14.7 అంకెల్లో కాకుండా లాంబ్డాలో చూడండి. ఎందుకంటే మీటరు లోపల లెక్క పచ్చి పెట్రోలుది. ఈ20 వేసుకుని ఆ అంకెలు చదివితే అయోమయం. లాంబ్డాకి ఇంధనంతో పనిలేదు. 1 అంటే సరిగ్గా మండినట్టు, పూర్తి త్రాటిల్‌లో 0.86, 0.88 మధ్య ఉంటే నా ఇంజను బాగా లాగుతుంది, చల్లగానూ ఉంటుంది. వెబర్‌లతో నేను కుదిర్చిన మంచి సెట్టింగులన్నీ ఈ మీటరు వచ్చాక కుదిరినవే. అంతకు ముందు ప్లగ్గు రంగు చూసి చెప్పడం ఉండేది. ఇథనాల్ పెట్రోలు ప్లగ్గు మీద రంగు సరిగా పడనివ్వదు, ఆ పాత విద్య ఇప్పుడు సగమే పనిచేస్తుంది.

ఈ పనంతా బెంగుళూరు, చెన్నై పోకుండా ఆటోనగర్‌లోనే చేయించాను కాబట్టి ఆటోనగర్‌కి కూడా మార్కులు వేయాలి. షాపుల పేర్లు రాయను, పనినిబట్టి చెప్తాను. లేత్ పనికి పదికి పది. 36 పళ్ల చక్రం డ్రాయింగు చూపిస్తే మేస్త్రీ డివైడింగ్ హెడ్ మీద కోసి, డయల్ గేజి పెట్టి వంకర చూసి మరీ ఇచ్చాడు. వెబర్‌ల మానిఫోల్డు, సర్జ్ ట్యాంకు రెండూ ఆర్గాన్ వెల్డింగ్‌లో చేయించాను. నీళ్లలో ముంచి గాలి కొట్టి లీకు లేదని చూపించాకే డబ్బు తీసుకున్నారు. లారీ బాడీలు కట్టే చోట రేసు కారు పని అవుతుందా అనే అనుమానం అక్కర్లేదు. డ్రాయింగు మీద మిల్లీమీటర్లలో రాసివ్వండి, నోటితో చెప్పొద్దు.

వైరింగుకి మాత్రం ఐదే మార్కులు. మన ఎలక్ట్రీషియన్ల చెయ్యి లారీ లైట్లకీ హారన్‌కీ అలవాటు పడింది. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టే అలవాటు ఇంజెక్షన్‌లో పనికిరాదు. క్రాంక్ సెన్సరు వైరు షీల్డు ఉన్నదై ఉండాలి, కాయిలు వైర్లకి దూరంగా పోవాలి, సెన్సర్ల ఎర్తులన్నీ ఈసీయూ దగ్గరే ఒక చోట కలవాలి, పంపుకీ ఇంజెక్టర్లకీ వేరువేరు రిలేలు, ఫ్యూజులు ఉండాలి. నా హార్నెస్ (వైర్ల కట్ట) నేనే కూర్చుని క్రింప్ చేసుకున్నాను. ఇంజెక్షన్ నమ్మకం లేనిదని ఎవరైనా అంటే ముందు ఆ బండి వైరింగు చూడండి. నేను చూసినంతలో పెట్రోలుదో ఈసీయూదో అనుకుని వెతికిన లోపం చివరికి ఎర్తు దగ్గరే దొరుకుతుంది.

మా పక్క షెడ్డు మేస్త్రీ ఒకాయన ఉన్నారు. ఫార్ములా మారుతీలు (ఒంటి సీటు రేసు కార్లు) 800 ఇంజనుతో తిరిగే కాలం నుంచీ కార్బురేటర్ ఇంజన్లు కుదిర్చిన చెయ్యి. నేను వెబర్‌లు విప్పుతున్న రోజు వచ్చి నిలబడ్డారు.

'అమ్మాయ్, ట్రాక్ మీద అది ఆగిపోతే స్క్రూడ్రైవరుతో బాగవుతుందా?'

'లేదు బాబాయ్. ల్యాప్‌టాప్ కావాలి.'

'ల్యాప్‌టాప్‌కి చార్జింగ్ అయిపోతే?'

ఆయన మాటలో నిజముంది, దాన్ని గౌరవించే నేను స్పేర్లు మోస్తాను. క్రాంక్ సెన్సరు ఒకటి, పంపు ఒకటి, రిలేలు, ఫ్యూజులు, ఇదే మ్యాప్‌తో (ఆ అంకెల పట్టికతో) నింపిన రెండో ఈసీయూ. కార్బురేటర్‌కైతే జెట్ల పెట్టె, నీడిల్ వాల్వు, గాస్కెట్లు చాలు. రెండో ఈసీయూ కొనలేనివాళ్లకి ఇది చిన్న తేడా కాదు. కానీ ఆయనే ప్రాక్టీసు లాగ్ (ఈసీయూ దాచిన రికార్డు) ల్యాప్‌టాప్‌లో చూసినప్పుడు, మూడో గేరులో కాలు ఎక్కడ తీశానో, అక్కడ లాంబ్డా ఎంతుందో గీత మీద వేలు పెట్టి చూపిస్తే చాలాసేపు కదల్లేదు. 'ఇది నా రోజుల్లో ఉంటే ఎన్ని పిస్టన్లు మిగిలేవే' అన్నారు. ఇప్పుడు నా మ్యాపులో మార్పు చేస్తే ముందు ఆయనకి చూపిస్తాను. ఇంజను శబ్దం విని ఆయన చెప్పిన చోటే లాగ్‌లో గీత వంకర కనిపిస్తుంది.

ఎవరికి ఏది అనేది తేల్చి చెప్పాలంటే ముందు మీరు దిగే క్లాసు రూల్ పుస్తకం చదవండి. కొన్ని క్లాసుల్లో కంపెనీ ఈసీయూ, కంపెనీ మానిఫోల్డు మార్చకూడదు, అక్కడ ఈ చర్చే లేదు. ఓపెన్ క్లాసు అయితే, 2000కి ముందరి పాత కార్బురేటర్ కారు చేతిలో ఉంటే దాన్ని ఇంజెక్షన్‌కి మార్చడానికి తొందరపడకండి. ఈ20కి జెట్లు మార్చి, వేడి ఆపే పలక పెట్టి, మీటరు బిగించి ఒక సీజన్ నడపండి. మిగిలిన డబ్బు టైర్లకీ బ్రేక్ ప్యాడ్లకీ పెట్టండి, ల్యాప్ టైము వాటివల్లే ఎక్కువ తగ్గుతుంది. కంపెనీ ఎంపీఎఫ్ఐ ఇంజను ఉన్నవాళ్లు దాన్ని పీకి కార్బురేటర్ పెట్టడం మాత్రం ఇప్పుడు నాకు ఏ రకంగానూ సమంజసంగా అనిపించదు. ఇంజెక్టర్లు, రైలు, సెన్సర్లు అన్నీ ముందే ఉన్నాయి, కొత్తగా కొనాల్సినవి తక్కువ.

కానూరు, వడ్డేశ్వరం వైపు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు స్టూడెంట్ ఫార్ములా కారు పని మీద మా షాపుకి వస్తుంటారు. వాళ్లకి వేరే మాట. మీ పోటీల్లో గాలంతా 20 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్‌లోంచే రావాలి. అంత ఇరుకులో కార్బురేటర్‌ని కుదర్చడం అనవసరపు శ్రమ. బైకు ఇంజనుతో వచ్చిన ఇంజెక్టర్ ఉంచుకుని ఈసీయూ ఒకటి మార్చుకోండి, ఇంజెక్టర్ పరీక్ష మా బెంచీ మీద చేసిస్తాను.

ఒక్కటి అందరికీ. ట్యూనింగు కోసం బందరు రోడ్డో హైవేనో ఎక్కకండి. ట్రాక్ ప్రాక్టీసు రోజునో, చాసిస్ డైనో (కారుని రోలర్ల మీద నడిపి శక్తి కొలిచే యంత్రం) మీదో చేయండి. చెన్నై, కోయంబత్తూరుల్లో డైనోలు గంటల లెక్కన దొరుకుతాయి. పక్కన ఇంకొకరు ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చోవడానికి రేసు కారులో రెండో సీటు ఉండదు, అందుకే లాగ్ రికార్డు చేసి ఆగాకే చూడండి. మ్యాపు మార్చిన ప్రతిసారీ పాత ఫైలు తారీఖుతో వేరే పేరు పెట్టి దాచండి, పెన్ డ్రైవులో ఇంకో కాపీ ఉంచండి.

నా వెబర్‌లు అమ్మలేదు. 970 సీసీ జిప్సీ ఉన్న గుంటూరు స్నేహితుడొకాయన అడుగుతున్నాడు గానీ, ఆ ఇంజనుకి రెండు 40లు పెద్దవి, ఒకటి చాలు, అదీ చిన్న చోక్‌తో. ఎవరికైనా 1300 ఇంజనుకి కావాలంటే 30 చోక్‌లు, 125 మెయిన్‌లతో సిద్ధంగా ఉన్నాయి. ఆటోనగర్ వచ్చి విప్పి చూసుకుని తీసుకెళ్లొచ్చు.